నాటకం కోటు

ఆ వేసవిలో మా కొట్లో మూడు వందల జతల బడి యూనిఫాంలు కుట్టాం. రెండు తెల్లకోట్లు కూడా కుట్టాం. మొదటి కోటు అక్క కుట్టింది, రెండోది నేను. రెండూ ఒకే మనిషికి.

మా ఇంటి ముందుగదే కొట్టు. అమ్మది మిషను, అక్కది కత్తెర. నాకు కొత్త మనుషుల ముందు నాలుక అంగిట్లో అతుక్కుపోతుంది కనుక కొలతల పుస్తకం నాకిచ్చారు. తల వంచుకుని రాసుకోవచ్చు, ఎవరి కళ్లలోకీ చూడనక్కర్లేదు. ఆ పుస్తకానికి అమ్మ పెట్టిన పద్ధతి ఒకటుంది. కొలతల కింద ఆ బట్ట దేనికో రాయాలి. రోజువారీకా, బడికా, పెళ్లికా, నాటకానికా. నాటకం బట్టకు కుట్టు వెడల్పుగా వేస్తాం, రేపు ఇంకొకరి ఒంటికి విప్పి సరిచేసుకోవడానికి వీలుగా. కూలీ కూడా సగమే. తర్వాత పేచీ రాకుండా కింద సంతకం పెట్టించుకుంటాం.

నా పదో తరగతి పరీక్షలు అయిపోయిన మూడో రోజున ఆయన వచ్చాడు. మనిషి సన్నం, గొంతు మాత్రం మైకు మింగినట్టు ఉంటుంది.

"దేనికండీ?" అని పుస్తకాన్నే అడిగాను.

"నాటకానికమ్మా. డాక్టరు వేషం. జేబు మీద 'డాక్టర్' అని నీలం దారంతో కుట్టండి, దూరం నుంచి కనపడాలి."

'నాటకం, డాక్టరు వేషం, నీలం దారం' అని రాశాను. సంతకం పెట్టాడు. అక్క రెండు రోజుల్లో కుట్టేసింది. అక్క కత్తిరించిన భుజం భుజంలా ఉంటుంది. మా అమ్మ కూడా అలా కత్తిరించలేదు, ఆ మాట అమ్మే ఒప్పుకుంటుంది.

రెండు వారాలకు గుండీల పెద్దమ్మ వచ్చింది. మాకు గుండీలు, హుక్కులు, దారపు ఉండలు తెచ్చి అమ్ముతుంది. ఊళ్లో ఏ వార్తైనా ఆమె సంచీలోంచే బయటికొస్తుంది. ఆ రోజు సంచీ దించకుండానే ఫోను అమ్మ మొహం ముందు పెట్టింది.

"చూడు చెల్లీ, ఈ డాక్టరన్న ఎంత బాగా చెబుతాడో! నా బీపీకి ఈయన పొడే వాడదామనుకుంటున్నా."

అమ్మ చూసింది. చూసి మిషను ఆపేసింది. "ఒసేయ్, ఇలా రండే! ఇది మన కోటే!"

ముగ్గురం ఫోను మీద వాలాం. నిజమే. మా కోటే. అక్క తీర్చిన భుజాలు, అక్క కుట్టిన నీలం అక్షరాలు. అక్క మొహం వెలిగిపోయింది.

"నాటకానికి అన్నాడు కదమ్మా" అన్నాను.

అమ్మ నవ్వింది. "పిచ్చిదానా, సగం కూలీకి కుట్టించుకుందామని అలా చెప్పాడు. డాక్టర్లంత పిసినారులు ఎక్కడా ఉండరు. పోయినేడాది ఆ పళ్ల డాక్టరు గుండీకి కూడా బేరమాడలా?"

"నలభై వేలమంది చూశారమ్మా ఈ వీడియో. వాళ్లందరూ వెర్రివాళ్లా?" అంది పెద్దమ్మ.

నేను మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఎత్తాల్సింది.

అక్కకు పన్నెండో ఏట నుంచి మూర్ఛ. రెండు పూటలా బిళ్ళ వేసుకుంటుంది. నాలుగేళ్లుగా మూర్ఛ మా గడప తొక్కలేదు. కాకపోతే బిళ్ళ వల్ల మధ్యాహ్నం కళ్లు మూతలు పడేవి. యూనిఫాంల కాలంలో అది అక్కకు ప్రాణసంకటం. మూడు వందల జతలు బడి తెరిచేలోపు అందించాలి. గీత గీసుకుంటూ గీసుకుంటూ బల్ల మీదే తల వాల్చేసేది, లేచాక తనను తనే తిట్టుకునేది.

కోటాయన తర్వాతి వీడియో తలనరాల బిళ్ళల మీద. నేను దాన్ని తర్వాత ఎన్నిసార్లు విన్నానంటే ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా చెప్పగలను. "ఈ బిళ్ళలు జబ్బును తగ్గించవు తల్లీ, మిమ్మల్ని మొద్దుబారుస్తాయి. మీరు మొద్దుబారితే కంపెనీ బతుకుతుంది. ఇరవయ్యొక్క రోజులు బిళ్ళ ఆపి, నా పొడి వాడి చూడండి. మీ మెదడు మీకు తిరిగొస్తుంది. పొడి కావాలంటే కింద నొక్కండి."

అక్క కింద నొక్కింది. అమ్మ వద్దనలేదు. మన కోటు వేసుకున్న మనిషి మనకు చెడు చెబుతాడా అన్న ధీమా. మొదటి వారం అక్క లేడిపిల్లలా తిరిగింది. నిద్ర లేదు, ఆవులింత లేదు. "చూశావే, పొడి మహిమ!" అంది. నా డైరీలో కూడా ఆ రోజు 'అక్క బాగుంది, అరవై జతలు కత్తిరించింది' అని ఉంది.

పదమూడో రోజు మధ్యాహ్నం అక్క ఇస్త్రీ దగ్గర ఉంది. నేను గుండీలు కుడుతున్నాను. అమ్మ మిషను తొక్కుతోంది. మొదట చప్పుడు వినిపించింది, తర్వాత వాసన వచ్చింది. గుడ్డ మాడిన వాసన అనుకున్నాను. తలెత్తి చూస్తే అక్క బల్ల పక్కన నేల మీద కొట్టుకుంటోంది. ఇస్త్రీ పెట్టె అక్క కుడి అరచేతి మీద బోర్లా పడి ఉంది.

ఆసుపత్రిలో కట్లు కట్టే నర్సమ్మ ఒకామె ఉంది. మొద్దుగొంతు, మెత్తటి చేతులు. వారానికి మూడుసార్లు కట్టు మార్చేది.

"బిళ్ళ ఎవరు ఆపమన్నారు?"

నేను ఫోను తీసి చూపించాను.

నర్సమ్మ కట్టు కట్టడం ఆపకుండానే వీడియో మొత్తం వింది. "మూర్ఛ బిళ్ళ ఉన్నట్టుండి ఆపితే ఏమవుతుందో ఈ గదిలో నేను చాలా చూశాను. నిద్ర ముంచుకొస్తుంటే వచ్చి చెప్పాల్సింది తల్లీ. డాక్టరమ్మ మోతాదు మార్చేది, లేదా బిళ్ళే మార్చేది." తర్వాత నావైపు తిరిగింది. "నువ్వు చదువుకున్నదానివి కదా. వీడెవడు?"

"డాక్టరు."

"ఎవరన్నారు?"

"జేబు మీద ఉంది."

"ఎక్కడ చదివాడు? ఏ ఆసుపత్రిలో చేస్తాడు? ప్రతి డాక్టరుకీ ఒక రిజిస్టరు నంబరు ఉంటుంది. వీడి నంబరెంత? బిళ్ళ ఆపమన్న నోటితోనే పొడి కొనమంటున్నాడే, ఆ పొడి ఎవరిది? నయమైనవాళ్లు వరసగా వచ్చి చెబుతున్నారు సరే, మీ అక్కలాంటివాళ్లు ఆ వీడియోల్లో ఎక్కడున్నారు?"

ఇందులో ఒక్కటీ మేం అడగలేదు. బండి కొనేటప్పుడు చక్రాలు తన్ని చూస్తాం, పుచ్చకాయ కొనేటప్పుడు కొట్టి చూస్తాం. అక్క మెదడు విషయంలో మేం భుజం కుట్టు చూసి మురిసిపోయాం.

కట్టు విప్పాక డాక్టరమ్మ చెప్పింది. చూపుడువేలు, మధ్యవేలు ఇక పూర్తిగా చాచుకోవు. కత్తెర పట్టడానికి ఆ రెండు వేళ్లే కావాలి. అక్క ఏడవలేదు. ఇంటికొచ్చి కత్తెరను గుడ్డలో చుట్టి సొరుగులో పెట్టింది. అదే నాలో నిప్పు పెట్టింది.

ఆ రోజు ఆయన వీడియో కింద రాశాను. నా బతుకులో పరాయి మనిషితో నేనై నేను ముందుగా అన్న మొదటి మాట అది. 'మా అక్క మీ మాట విని బిళ్ళ ఆపింది, చెయ్యి కాలింది, మీ నంబరెంత?' అని. నీళ్లు తాగి వచ్చేలోపు అది లేదు. మళ్లీ రాశాను. మళ్లీ తుడిచేశారు. మూడోసారి నన్నే బయటికి నెట్టేశారు. అప్పుడు అర్థమైంది ఆ పేజీలో అందరూ ఎందుకు నయమైపోయారో.

డైరీ తెరిచాను. ఇన్నేళ్లూ దాంట్లో వాన పడిందనీ, లెక్కల్లో తప్పు పోయిందనీ రాసుకున్నదాన్ని. ఆ వారం నిండా తిట్లు రాశాను. అవి ఇక్కడ రాయను. కాగితం చిరిగేలా రాశానని మాత్రం చెబుతాను.

వెతకబోయిన తీగ కాలికి తగిలినట్టు ఆయనే వచ్చాడు. పాత కోటు చంకలో ఉంది. భుజం దగ్గర విచ్చిపోయింది. నాటకం కుట్టు మరి, రోజూ వేసుకుంటే ఆగుతుందా!

"ఏమ్మా, మీ కుట్టు ఇలా వదిలేసిందేమిటి? వచ్చే ఆదివారం పెద్ద హాల్లో సభ పెట్టాను. లైవు కూడా. గట్టిగా ఇంకోటి కావాలి." అంటూనే అక్క చేతి మీద కాలిన మచ్చ చూశాడు. "అయ్యో, కాలిందా? నా పొడి చల్లటి నీళ్లలో కలిపి రాయండి."

ఆయనకు తెలియదు. వేలమందిలో అక్క ఎవరో ఆయనకెలా తెలుస్తుంది? అమ్మ చేతిలో కత్తెర ఉంది. అమ్మ పిడికిలి బిగుసుకోవడం చూశాను.

"నేను కుడతానండి" అన్నాను.

అమ్మా అక్కా ఒకేసారి నావైపు తిరిగారు. గోడ మాట్లాడినా అంతలా ఉలిక్కిపడరు.

పుస్తకం తీశాను. "దేనికండీ?"

"రాసుకో... సభకి."

"జేబు మీద 'డాక్టర్' కింద నంబరు కూడా కుట్టనా అండీ? డాక్టర్లకి రిజిస్టరు నంబరు ఉంటుందట కదా."

ఆయన పగలబడి నవ్వాడు. "నంబరెందుకమ్మా? నేనేమన్నా లారీనా, బస్సునా?"

ఆయన మాట ఆయన మాటలోనే రాశాను. 'నంబరు వద్దన్నారు. నేనేమన్నా లారీనా, బస్సునా అన్నారు.' చదవకుండానే సంతకం పెట్టాడు.

ఆయన వెళ్లాక అమ్మ కత్తెర బల్ల మీద విసిరికొట్టింది. "నీకు మతి పోయిందా? వాడికి కోటు కుడతావా?"

"ఈ కోటు ఆయన జన్మలో మరిచిపోడమ్మా."

సిమెంటు బస్తా మూతి కుట్టు చూశారా? సరైన చివర పట్టుకుని ఒక్క లాగు లాగితే కుట్టంతా దానంతటదే ఊడొస్తుంది. గొలుసు కుట్టు అది. కొక్కెం సూదితో చేత్తో కూడా వెయ్యొచ్చు. కోటు వీపు మీద రెండో గుడ్డ ఒకటి వేసి, నాలుగు వైపులా గొలుసు కుట్టుతో బిగిద్దామని నా ఎత్తు. దాని కింద ఎర్రదారంతో పెద్ద అక్షరాలు. ఏం రాయాలన్నదే తేలలేదు. డైరీ తిట్లలోంచి ఒకటి ఏరి గీసుకుంటుంటే అక్క వెనక నిలబడింది.

"తిట్టు కుడితే నవ్వేసి పోతారే. నిజం కుట్టు, కొరుకుతుంది" అంది.

"ఏది నిజం?"

అక్క ఎడమ చేత్తో సుద్ద తీసుకుంది. వంకరటింకరగా గీసింది. 'నేను డాక్టర్ని కాను.' తర్వాత నా కుట్టు చూసి, "మరీ వదులుగా వేశావు, కుర్చీలో కూర్చుంటే ఊడిపోతుంది. రెండు నూలుపోగులు కలుపు" అంది. నాలుగు రోజులు అక్క నోరు, నా చెయ్యి కలిసి ఆ కోటు కుట్టాయి. ఎడమ పక్క అంచు కింద రెండు అంగుళాల దారం వదిలేశాం.

ఆదివారం పొద్దున హాలు నిండిపోయింది. అమ్మ, అక్క వెనక వరసలో కూర్చున్నారు. నేను కొలతల పుస్తకం ఒళ్లో పెట్టుకుని రెండో వరసలో కూర్చున్నాను. కోటు ఆయన ఒంటికి అతికినట్టు ఉంది. అది మాత్రం నాకు గర్వంగానే అనిపించింది, అబద్ధమెందుకు.

గంటసేపు మాట్లాడాడు. తర్వాత నయమైనవాళ్లను వేదిక మీదికి పిలిచాడు. మొదట లేచింది గుండీల పెద్దమ్మ. అక్క బిళ్ళ ఆపిన సంగతి సిగ్గుతో మేం ఆమెకు చెప్పనే లేదు. మైకు పట్టుకుని, "నేను బీపీ బిళ్ళ మానేసి పంతొమ్మిది రోజులైంది. గుండ్రాయిలా ఉన్నాను" అంది. అంటూనే మెట్టు దగ్గర కొంచెం తూలి, కుర్చీ పట్టుకుంది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను మాత్రం ఆ తూలడం చూశాను.

లేచాను. ఎలా లేచానో డైరీలో కూడా లేదు. వేదిక ఎక్కి, "దారం వేలాడుతోందండీ" అన్నాను.

"మా టైలరమ్మాయి! చూశారా, ఎంత శ్రద్ధో!" అన్నాడు మైకులో.

"కొంచెం అటు తిరగండి."

తిరిగాడు. వీపు జనం వైపు, ఫోను కెమెరా వైపు. దారం వేలికి చుట్టుకుని లాగాను. కరకరమంటూ నాలుగు వైపులా ఊడొచ్చింది. గుడ్డ ఆయన మడమల దగ్గర పడింది.

వీపు నిండా ఎర్ర అక్షరాలు బయటపడ్డాయి, 'నేను డాక్టర్ని కాను.' ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత హాలంతా నవ్వింది. ఆయన కూడా నవ్వాడు, ఎందుకో తెలియకుండానే. ఫోను పట్టుకున్నవాడి మొహం చూశాక కోటు విప్పి చదువుకున్నాడు. ఆ చదువుకోవడం నేను దగ్గర నుంచి చూశాను. దానికోసమే నాలుగు రోజులు కుట్టాను.

కానీ ఆయన మైకు మింగిన మనిషి. రెండు నిమిషాల్లో తేరుకున్నాడు. "చూశారా తల్లులారా! మందుల కంపెనీలు చివరికి ఈ పసిదాన్ని కూడా కొనేశాయి! నిజం చెప్పేవాడికి ఎప్పుడూ ఇదే గతి!"

జనం చప్పట్లు కొట్టారు. ఇందాక నవ్వినవాళ్లే. "సిగ్గులేదూ!" అని ఒకామె నామీద అరిచింది. నా నాలుక మళ్లీ అంగిట్లో అతుక్కుపోయింది.

పెద్దమ్మ మైకు వదల్లేదు. నా ఎదురుగా వచ్చి నిలబడింది. "ఏమే మూగపిట్టా! గుడ్డ మీద కుట్టినంత మాత్రాన నిజమైపోతుందా? ఎవరైనా ఏమైనా కుట్టొచ్చు. అలాగైతే ఆయన జేబు మీద..."

అక్కడ ఆగిపోయింది. ఆయన చేతిలో ఉన్న కోటు జేబు వైపు చూసింది. నావైపు చూసింది.

"అదెవరు కుట్టారు?" అంది మెల్లగా. మైకులో అందరికీ వినపడింది.

"మొదటి కోటుకి అక్క. దీనికి నేను."

"ఎవరు కుట్టమన్నారు?"

పుస్తకం తెరిచాను. నా దగ్గర నావంటూ మాటలు లేవు, రాసుకున్నవి ఉన్నాయి. తేదీతో సహా చదివాను. 'నాటకం, డాక్టరు వేషం, నీలం దారం.' కింద సంతకం చూపించాను. రెండో పేజీ తిప్పి అది కూడా చదివాను. 'నంబరు వద్దన్నారు. నేనేమన్నా లారీనా, బస్సునా అన్నారు.' పెద్దమ్మ రెండు సంతకాలూ కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసింది. హుక్కులు చూసే కళ్లవి, సూది బెజ్జం కూడా వదలవు.

"ఈ పిల్లని కంపెనీ కొన్నదో లేదో నాకు తెలియదు బాబూ" అంది ఆయనతో. "ఈ సంతకం మాత్రం నీదే. ఆ కంపెనీల గొడవ పక్కన పెట్టు. ఆ నంబరేదో చెప్పెయ్, నేను కూర్చుంటా."

"నంబర్లతో రోగాలు తగ్గవమ్మా..."

"చెప్పవయ్యా!" అని వెనక నుంచి ఒక మగగొంతు. తర్వాత అటు నుంచీ ఇటు నుంచీ, "నంబరు! నంబరు!"

పక్క గుమ్మంలోంచి వెళ్లిపోయాడు. కోటు కుర్చీ మీదే వదిలేశాడు. మెట్లు దిగుతూ పెద్దమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. "నన్ను ఆసుపత్రికి తీసుకెళ్లవే, తల తిరుగుతోంది" అంది. నర్సమ్మ ఆమె బీపీ చూసి, ఆమెనూ వెంట వెళ్లిన మా ముగ్గురినీ కలిపి తిట్టింది. తర్వాత కొలతల పుస్తకం పేజీలకు నకలు తీయించి, ఫిర్యాదు తనే రాసింది.

ఆయన పేజీ మూతపడింది. నెల తిరగకుండా ఇంకో పేరుతో ఇంకో పేజీ వచ్చింది. అందులో మనిషి కనపడడు, కోటు కనపడదు, గొంతు ఒక్కటే. ఆ గొంతు నేనెక్కడ విన్నా పోల్చుకుంటాను. దాని సంగతి కూడా నర్సమ్మకు చెప్పాను. రోజూ పొద్దున కాలేజీకి వెళ్లేముందు ఆ పేజీ కింద ఒక్క మాట రాస్తాను. 'నంబరెంత?' వాళ్లు తుడిచేస్తారు. నన్ను నెట్టేస్తే, మర్నాడు ఇంకో పేరుతో మళ్లీ రాస్తాను. నాకు విసుగు లేదు.

అక్క ఇప్పుడు మూడు వేళ్లతో సుద్ద పట్టి గీస్తుంది, నేను కత్తిరిస్తాను. నా భుజాలు ఇంకా భుజాల్లా ఉండవు. కొత్త బిళ్ళకు నిద్ర అంతగా రాదు.

కోటు మా కొట్టు ముందు తీగకు వేలాడుతూ ఉంటుంది, వీపు వీధి వైపు. ప్రతి ఆదివారం దించి ఇస్త్రీ చేస్తాను. ముడత పడితే అక్షరాలు కనపడవు.

"ఇక తీసెయ్యవే, చాలు" అంటుంది అక్క.

"కుట్టించుకున్న మనిషి వచ్చి తీసుకెళ్లాలి కదక్కా" అంటాను. పెట్టె వేడెక్కిందో లేదో తడివేలితో చూసి, మొదటి అక్షరం మీద పెడతాను.